పన్నెండేళ్లు నిండితే తల్లి తిరిగి రావాలి

బ్రిటన్ వలస నిబంధనల్లో చిన్న షరతు ఒకటి ఉంది. ఆ దేశంలో చదువుకునే విదేశీ పిల్లవాడి వెంట తల్లో తండ్రో ఒకరు ఉండవచ్చు. అయితే ఆ అనుమతి పిల్లవాడికి పన్నెండేళ్లు నిండేవరకే. పన్నెండో పుట్టినరోజుతో పెద్దవారి వీసా ముగిసిపోతుంది. పిల్లవాడి వీసా మాత్రం కొనసాగుతుంది. పుట్టినరోజు నాడు ఎవరు ఎవరిని విడిచి రావాలో ఇంత కచ్చితంగా నిర్ణయించిన నిబంధనను, పాతికేళ్లుగా పార్లమెంటు బిల్లులూ ప్రభుత్వ గెజిట్లూ చదివే వృత్తిలో ఉన్న నేను మరొకటి చూడలేదు.

ఈ నిబంధనల జోలికి వెళ్లవలసిన అవసరం నాకు వృత్తిరీత్యా రాలేదు. మా చిన్నాన్న కూతురు ఒక సాయంత్రం కాగితాల సంచీ పట్టుకుని డైరీ ఫార్మ్‌లోని మా ఇంటికి వచ్చింది. భర్తకు జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర చేపల వ్యాపారం. కొడుకు చురుకైనవాడు. ఇంగ్లండులోని ఒక ప్రైవేటు బడి వాడికి ఫీజులో కొంత రాయితీతో సీటు ఇస్తానన్నది. విశాఖపట్నంలోని ఒక కన్సల్టెన్సీ, "తల్లి కూడా వెంట వెళ్లవచ్చు" అని చెప్పింది. ఆ మాట మీదనే టెక్కలి దగ్గరి రెండెకరాల పొలాన్ని బేరం పెట్టారు. "అన్నయ్యా, నువ్వు ఢిల్లీ వార్తలు రాస్తావు కదా, ఈ కాగితాలొకసారి చూడు" అన్నది. చూశాను. వాడికి మార్చిలో పదకొండేళ్లు నిండుతాయి, బడి సెప్టెంబరులో మొదలవుతుంది, మరుసటి మార్చికి పన్నెండేళ్లు. కన్సల్టెన్సీ చెప్పింది అబద్ధం కాదు. ఆ నిజానికి ఆరు నెలల గడువు ఉన్నదని మాత్రం చెప్పలేదు.

పైగా తల్లికి ఇచ్చే ఆ వీసా పగటి బడికి వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చే పిల్లల కోసం ఉద్దేశించినది. అక్కడ ఇల్లు అద్దెకు తీసుకోవాలి. ఆమె ఏ ఉద్యోగమూ చేయకూడదు. స్వదేశంలో తనకొక ఇల్లు ఉన్నదని, తిరిగి వెళ్లిపోతానని చూపించాలి. ఇద్దరి పోషణకు బడి ఫీజు కాక నెలకు 1,560 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల సొమ్ము, అంటే 14,040 పౌండ్లు, ముందుగానే కళ్లజూపాలి. పిల్లవాడు బడి హాస్టల్లో ఉండేటట్లయితే తల్లి వీసా ప్రసక్తే రాదు.

విషయం మొదటి నుంచీ చెప్పుకుందాం. నాలుగేళ్ల నుంచి పదిహేడేళ్ల వయసు వరకు ఉన్న విదేశీ పిల్లలు బ్రిటన్‌లో చదువుకోవడానికి 2020 అక్టోబరులో 'చైల్డ్ స్టూడెంట్' అనే వీసా విధానం వచ్చింది. అంతకు ముందు ఇదే 'టియర్-4 చైల్డ్' పేరుతో ఉండేది. ఈ వీసాతో చేరదగినవి ఫీజు తీసుకునే ఇండిపెండెంట్ బడులు మాత్రమే. వాటికి కూడా విదేశీ పిల్లలను చేర్చుకునే లైసెన్సు ఉండాలి. ప్రభుత్వ నిధులతో నడిచే బడి తలుపు ఈ పిల్లలకు తెరుచుకోదు. దరఖాస్తు రుసుము 2025 ఏప్రిల్‌లో 524 పౌండ్లు అయింది. ఆరోగ్య సేవల కోసం ఏడాదికి 776 పౌండ్లు అదనం. హాస్టల్ వసతితో కలిపి బడి ఫీజు ఏడాదికి 40 వేల పౌండ్లు దాటడం అక్కడ సాధారణం. మన లెక్కలో 40 లక్షల రూపాయలకు పైమాటే. ఆ సొమ్ము కనీసం 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. నిబంధన అడిగేది మొదటి విద్యా సంవత్సరపు సొమ్ము గురించే. రెండో ఏడాది ఫీజు ఎక్కడి నుంచి వస్తుందని ఆ కాగితం అడగదు. మా చెల్లెలి లెక్కలో పొలం సొమ్ము, రాయితీ, కొంత అప్పు కలిసి ఒక ఏడాదికి సరిపోతున్నాయి. వీసా ఆఫీసరుకు అది చాలు. పదకొండేళ్లవాడు పద్దెనిమిదేళ్లవాడు కావడానికి మాత్రం ఏడేళ్లు పడుతుంది.

మరో వింత కూడా చెప్పాలి. 2025 జనవరి 1 నుంచి బ్రిటన్‌లోని లేబర్ ప్రభుత్వం ప్రైవేటు బడుల ఫీజు మీద 20 శాతం వ్యాట్ విధించింది. ఆ రాబడితో ప్రభుత్వ బడులకు 6,500 మంది కొత్త ఉపాధ్యాయులను నియమిస్తామని చెప్పింది. సంపన్నుల ప్రత్యేక సౌకర్యం మీద పన్ను వేసి సామాన్యుల పిల్లల బడికి ఖర్చు పెట్టడాన్ని సూత్రరీత్యా నేను తప్పు పట్టను. కానీ శ్రీకాకుళం జిల్లాలో ఒక పొలం అమ్ముడై, ఆ సొమ్ములో ఒక భాగం ఆంగ్లేయ సామాన్యుడి పిల్లల బడికి పన్నుగా వెళ్తుంది. పన్ను కట్టినవాడి కొడుకు మాత్రం ఆ బడి గుమ్మం ఎక్కరాదు. ఈ లెక్కను మనవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పడం లేదు.

తల్లి ఉండలేనప్పుడు పిల్లవాణ్ణి చూసేదెవరు? బడి హాస్టల్, లేదా దగ్గరి బంధువు, లేదా పెంపక బాధ్యత తీసుకునే మరో వ్యక్తి. మా చెల్లెలు ధైర్యంగా, "లెస్టర్‌లో వాడి బాబాయి ఉన్నాడు కదా" అన్నది. ఆ బాబాయి ఆమె సొంత చెల్లెలి భర్త. నిబంధన ప్రకారం దగ్గరి బంధువులంటే తాత, నాయనమ్మ, అమ్మమ్మ, తోబుట్టువులు, మారుటి తల్లి, మారుటి తండ్రి, తల్లిదండ్రుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మాత్రమే. పిన్ని లెక్కలోకి వస్తుంది, పిన్ని మొగుడు రాడు. పైగా ఆ చూసుకునేవారు బ్రిటిష్ పౌరులో శాశ్వత నివాసం ఉన్నవారో అయి ఉండాలి. పిన్నికి ఉన్నది భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన అనుమతి. దానితో ఆమె కూడా జాబితా నుంచి జారిపోయింది.

తెలుగులో బాబాయి అనే పిలుపులో ఎందరు ఇముడుతారో ఒకసారి ఆలోచించండి. తండ్రి తమ్ముడు, తండ్రి పెదనాన్న కొడుకు, పిన్ని భర్త, ఊళ్లో వరస కలిసినవాడు. నేనే ఆ పిల్లవాడికి మామయ్యను. వాడి తల్లి నాకు చిన్నాన్న కూతురు. లండన్ లెక్కలో నేను వాడికి ఏమీ కాను. మన వరసలు బాధ్యతలను పంచే ఏర్పాటు. ఒకరు లేకపోతే మరొకరు అన్నం పెడతారన్న భరోసా వాటిలో ఉంది. వీసా కాగితం ఆ భరోసాను గుర్తించదు. అది రక్తాన్నీ పౌరసత్వాన్నీ మాత్రమే గుర్తిస్తుంది.

అయినా ఈ కఠినత్వాన్ని నేను తేలికగా తీసిపారేయలేను. దీని వెనుక ఒక పసిపిల్ల చావు ఉంది. ఐవరీ కోస్ట్‌కు చెందిన విక్టోరియా క్లింబియే అనే బాలికను మంచి చదువు చెప్పిస్తానని ఒక బంధువు తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకువెళ్లింది. ముందు ఫ్రాన్సుకు, 1999లో లండన్‌కు. మరో పిల్ల పాస్‌పోర్టు మీద దేశంలోకి తెచ్చింది. లండన్‌లో ఆ పిల్ల ఒక్కరోజు కూడా బడి ముఖం చూడలేదు. చిత్రహింసల పాలై 2000 ఫిబ్రవరిలో ఎనిమిదేళ్ల వయసులో మరణించింది. లార్డ్ లామింగ్ విచారణ నివేదిక 2003లో వెలువడింది. పిల్లల రక్షణ చట్టం మరుసటి ఏడాది మారింది. పదహారేళ్లలోపు పిల్లవాడు దగ్గరి బంధువు కానివారి ఇంట్లో 28 రోజులు, అంతకు మించి ఉండేటట్లయితే స్థానిక ప్రభుత్వానికి ముందుగా తెలియజేయాలన్న నియమం అక్కడ అంతకు ముందే ఉండేది. విక్టోరియా తరువాత దాని అమలు మీద పట్టు బిగిసింది. 'అత్త' అన్న మాటను నమ్మి ఒక సమాజం ఒక బిడ్డను పోగొట్టుకున్నది. అప్పటి నుంచి అది ఆ మాటకు రుజువు అడుగుతున్నది.

అమెరికా తీరు మరో విధం. అక్కడ 1996లో చేసిన వలస చట్టం ప్రకారం ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలు ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ బడిలో చేరకూడదు. ఉన్నత పాఠశాలలోనైతే మొత్తం మీద 12 నెలలు చదవవచ్చు, అదీ ఆ బడికి ఒక్కో విద్యార్థి మీద అయ్యే పూర్తి ఖర్చు చెల్లించి. ప్రైవేటు బడికి మాత్రం ఇటువంటి పరిమితి లేదు. తైవాన్, హాంకాంగ్ వ్యాపార కుటుంబాలు పిల్లలను కాలిఫోర్నియాలో దింపి తాము తిరిగి వెళ్లిపోతున్న రోజులవి. వారికి 'పారాచూట్ పిల్లలు' అని పేరు పెట్టారు. అదే అమెరికాలో, పత్రాలు లేని పిల్లలకు కూడా ప్రభుత్వ బడిలో చదివే హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 1982లోనే ప్లైలర్ కేసులో తేల్చింది. తల్లిదండ్రుల హెచ్-1బి నీడలో హెచ్-4 మీద వెళ్లిన తెలుగు పిల్లలు వేల సంఖ్యలో ప్రభుత్వ బడుల్లో ఉచితంగా చదువుతున్నారు. చదువు కోసమే వీసా అడిగి తెచ్చుకున్న పిల్లవాడికి మాత్రం ఆ ఉచితం లేదు. పైగా 2025 సెప్టెంబరు 2 నుంచి 14 ఏళ్లలోపు పిల్లలకు వీసా ఇంటర్వ్యూ మినహాయింపు చాలావరకు తొలగిపోయింది. అండమాన్ నుంచి దరఖాస్తు చేసే పదేళ్ల పిల్లవాడైనా సముద్రం దాటి చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లి కాన్సులేటు కిటికీ ముందు నిలబడాలి.

ఈ రెండు దేశాల నిబంధనల్లోనూ అంతస్సూత్రం ఒకటే. పిల్లవాడు ఖరీదు చెల్లించే కొనుగోలుదారు అయితే స్వాగతం, ప్రజాధనంలో వాటాదారు అయ్యే అవకాశం ఉంటే నిషేధం. తల్లి డబ్బు తెచ్చినంత కాలం అతిథి, పని అడిగితే వలస సమస్య. దక్షిణ కొరియాలో భార్యాబిడ్డలను చదువు కోసం విదేశాలకు పంపి తాను ఒంటరిగా సంపాదిస్తూ ఉండిపోయే తండ్రిని అడవి బాతుతో పోల్చి 'కిరొగి అప్పా' అంటారు. ఏటా అంత దూరం ఎగిరి వచ్చి బిడ్డలను చూసి వెళ్తాడని. మన భాషలో అటువంటి మాట ఇంకా పుట్టలేదు. పుట్టే రోజు దూరంలో లేదని ఆ కాగితాల సంచీ చూసినప్పుడు అనిపించింది.

పిల్లలను చదువు కోసం సీమకు పంపడం తెలుగువారికి కొత్త కాదు. ఈ విషయంలో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లిన మన కేసు కూడా ఒకటుంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్ముడు నిత్యానందను తన సంరక్షణలో పెట్టుకోవడానికి అనీ బిసెంటుకు వారి తండ్రి నారాయణయ్య 1910 మార్చిలో రాతపూర్వకంగా అంగీకరించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివించాలన్న ఆశతో ఆమె పిల్లలను ఇంగ్లండు తీసుకువెళ్లింది. 1912లో తండ్రి మనసు మార్చుకుని అంగీకారం రద్దు చేశాడు, కోర్టుకెక్కాడు. 1913లో మద్రాసు హైకోర్టు పిల్లలను తిరిగి అప్పగించమన్నది. 1914 మే నెలలో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టివేసింది.

మొదటి ప్రపంచయుద్ధానికి ముందు రోజులవి. ఈనాటి రూపంలో వీసాలు లేవు. అయినా ఈనాటి ప్రశ్నలన్నీ ఆ తీర్పులో ఉన్నాయి. చదువు కోసం తండ్రి ఇచ్చిన అనుమతిని తండ్రే ఉపసంహరించుకోవచ్చునని ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకున్నది. అయితే ఆ అనుమతిని నమ్ముకుని పిల్లల జీవితం ఒక దారిన పడ్డాక, దానిని తెంచడం వారికి మేలా కీడా అన్నది న్యాయస్థానం చూడాలన్నది. ఇంగ్లండులో ఉన్న పిల్లల మీద చెంగల్పట్టు కోర్టులో వేసిన దావా చెల్లదన్నది. అన్నిటికీ మించి, ఆ పిల్లల ఇష్టమేమిటో ఎవరూ తెలుసుకోలేదని ఎత్తిచూపింది. వలస పాలకుల న్యాయపీఠం వలస ప్రజల బిడ్డల గురించి చెప్పిన మాట కనుక దానిలో రాజకీయం లేదని అనను. ఓడిపోయిన తండ్రి వేదన కూడా చిన్నది కాదు. కానీ 'పిల్లవాణ్ణి అడిగారా' అన్న ప్రశ్న అప్పుడే చట్టం నోట వచ్చింది.

నూరేళ్లు దాటినా ఆ ప్రశ్న వీసా కాగితంలోకి రాలేదు. తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం తప్పనిసరి. ప్రయాణానికి, అక్కడి వసతికి, సంరక్షణకు వారు సంతకం పెట్టాలి. పిల్లవాడి సమ్మతి పత్రమంటూ ఒకటి లేదు. తనకు సంబంధించిన విషయాల్లో పిల్లవాడి అభిప్రాయం వినాలని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పన్నెండో అధికరణాన్ని బ్రిటన్ 1991లో, మనం 1992లో అంగీకరించాం. ఒడంబడికలో పన్నెండు అంకె పిల్లవాడి గొంతుకు స్థానమిచ్చింది. వీసా నిబంధనలో అదే అంకె తల్లిని తిరుగు విమానం ఎక్కిస్తుంది.

పరాయి దేశాలను నిలదీసే ముందు మన గడపలోకి చూసుకోవడం న్యాయం. తెలుగు మధ్యతరగతి ఆరో తరగతికే పిల్లలను రెసిడెన్షియల్ బడుల్లో దించి రావడం అలవాటు చేసుకుని మూడు దశాబ్దాలు దాటింది. విదేశీ హాస్టల్ అన్నది ఆ అలవాటుకు పొడిగింపే. ఆ హాస్టళ్లలో పిల్లవాణ్ణి చేర్చేటప్పుడు తల్లిదండ్రులిద్దరి లిఖిత సమ్మతి ఎందరు అడిగారు? రాత్రి జ్వరం వస్తే ఎవరు చూస్తారన్నది ఏ కాగితంలో రాసి ఇచ్చారు? ఈ ఒక్క విషయంలో బ్రిటిష్ నిబంధన మనకంటే మెరుగు. ఎవరు చూస్తారో పేరు రాయమంటుంది.

ద్వీపవాసులకు ఈ ఎడబాటు మరీ పాతది. 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌లో ప్రతి వందమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవారి సంతానం. ఇక్కడి ప్రభుత్వం తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపింది. అయినా పై చదువు అనగానే ఓడ ఎక్కవలసిందే. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది; ఓడ ప్రయాణం మాత్రం మూడు రోజులుగానే ఉంది. అనుమతి పత్రాలు కూడా మాకు కొత్త కాదు. నికోబార్ వెళ్లాలంటే భారత పౌరుడికే పాస్ కావాలి. కాబట్టి సరిహద్దులూ షరతులూ ఉండకూడదని నేను వాదించను. ఆ పాస్ ఆదివాసులను కాపాడడానికి ఉంది. ప్రతి షరతునూ అదే ప్రశ్న అడగాలి: ఇది ఎవరిని కాపాడుతున్నది?

ఈ ప్రశ్న అడగవలసిన రాజకీయం మాత్రం మౌనంగా ఉంది. 2011లో ట్రైవ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ వ్యవహారాల్లో తెలుగు విద్యార్థులు చిక్కుకున్నప్పుడు నాయకులు ప్రకటనలు గుప్పించారు. 2019లో విదేశాంగశాఖ ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం కూడా ఇచ్చింది. వారు యువకులు, రేపటి ఓటర్లు. పదకొండేళ్లవాడికి ఓటు లేదు, వాడి గురించి ప్రకటన లేదు. తెలుగు రాష్ట్రాల విదేశీ విద్య పథకాలు విశ్వవిద్యాలయ చదువులకే. 1983 నాటి వలసల చట్టం ఉద్యోగానికి వెళ్లేవారి గురించే. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు హామీ ఇస్తుంది. ఆ వయసులోనే దేశం దాటినవాడు ఆ హామీ పరిధి కూడా దాటిపోతాడు. పంజాబ్ 2012లోనే ట్రావెల్ ఏజెంట్లకు, కన్సల్టెన్సీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. తెలుగునాట అటువంటి చట్టాన్ని ఎన్నికల నినాదంగా ఎత్తుకున్న పార్టీ నాకు ఇంతవరకు కనబడలేదు.

మా చెల్లెలికి నేను వెళ్లమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఏడేళ్ల ఫీజు ఒక కాగితం మీద వేసి ఇచ్చాను. పన్నెండో పుట్టినరోజు తేదీ మరో కాగితం మీద రాసి ఇచ్చాను. "వాణ్ణి అడిగావా అమ్మా?" అన్నాను. అడగలేదట. తరువాత ఫోనులో చెప్పింది. వాడు ఇంగ్లండు గురించి ఏమీ అడగలేదు. "ఆదివారం ఎవరొస్తారు?" అని ఒక్కటే అడిగాడట. విశాఖలో హాస్టల్లో ఉన్న పెద్దమ్మ కొడుకును చూడడానికి ఆదివారాలు వెళ్లివచ్చినవాడు వాడు. పొలం బేరం ప్రస్తుతానికి ఆగింది. వచ్చే ఏడు తిరిగి మొదలుకావచ్చు. ఆ నిర్ణయం వాళ్లది.

కానీ ప్రభుత్వాలు చేయదగిన పనులు మూడున్నాయి, మూడూ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. బడి వయసు పిల్లలను విదేశాలకు పంపే కన్సల్టెన్సీలకు లైసెన్సు ఉండాలి. మొత్తం చదువుకయ్యే ఖర్చు, తల్లిదండ్రుల వీసా గడువు, బంధుత్వ నిర్వచనం తల్లిదండ్రుల సొంత భాషలో రాసి సంతకం తీసుకున్న తరువాతే అవి డబ్బు ముట్టాలి. ఒంటరిగా చదువుకోవడానికి వెళ్లే మైనర్ల జాబితా మన రాయబార కార్యాలయాల దగ్గర ఉండాలి. వారిని ఏడాదికి ఒకసారైనా ఎవరో ఒకరు పలకరించాలి. మైనరు పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల సమ్మతి అడిగే మన ప్రభుత్వం, చదువు కోసం ఒంటరిగా దేశం దాటే పిల్లవాడితో ఒక శిక్షణ పొందిన అధికారి పది నిమిషాలు విడిగా మాట్లాడే ఏర్పాటు చేయాలి. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ఏ ఒక్క తెలుగు సభ్యుడైనా ఈ మూడింటి మీద ప్రశ్న వేస్తే, దానికి వచ్చిన జవాబును ఇక్కడే యథాతథంగా ప్రచురిస్తాను.